ఫౌంటెన్ ఆగిన ఉదయం

ఆ రోజు ఉదయం స్టేషన్ మాస్టరుగారు పెట్టుకున్న పని ఒక్కటే. ఏమీ పోగొట్టుకోకుండా కిందికి వెళ్ళాలి, ఏమీ పోగొట్టుకోకుండా పైకి రావాలి.

ఉద్యోగం విరమించి చాలా ఏళ్ళయినా ఆయన్ని చూస్తే ఎవరికైనా స్టేషన్ మాస్టరే గుర్తొస్తాడు. నిటారుగా నడుస్తారు. గడియారం చూడకుండా టైము చెబుతారు. తలుపు దగ్గర ఎవరైనా తచ్చాడితే వెనక్కి జరగమంటారు. ఆ ఎత్తైన భవనంలో పైనుంచి రెండో అంతస్తులో కొడుకు ఇల్లు కొన్నాడు. కిటికీ తెరిస్తే మబ్బు లోపలికి వస్తుందేమో అనిపించే ఇల్లు. కిటికీలు తెరుచుకోవు కాబట్టి ఆ భయం లేదు.

అక్కడ లిఫ్టు ఎక్కాలంటే కార్డు చూపాలి. ఎవరి కార్డు వాళ్ళ అంతస్తుకీ, కింద ఉన్న హాలుకీ తప్ప ఇంకెక్కడికీ పనిచేయదు. భద్రత కోసం అలా పెట్టారు. దొంగలు రావడం లేదు. పలకరించేవాళ్ళూ రావడం లేదు. అందుకని మాస్టరుగారికి మిగిలిన ఒకే ఒక్క సరదా ఆ హాలు. పాలరాతి నేల, మధ్యలో రెండంతస్తుల ఎత్తుకి ఎగిసే ఫౌంటెన్, దాని చుట్టూ కూర్చోడానికి వీలుగా వెడల్పాటి గట్టు, ఎదురుగా వరసగా లిఫ్టులు. ఆ గట్టుమీద కూర్చుని వచ్చే లిఫ్టునీ పోయే లిఫ్టునీ చూస్తూ ఉంటే ఆయనకి ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టే ఉండేది. మూడో లిఫ్టు రోజూ ఆలస్యంగా వస్తుందని ఆ భవనంలో తెలిసినవాడు ఆయనొక్కడే.

ఆ సరదాకి ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర గండం వచ్చింది.

"నాన్నా, కళ్ళజోడు పోయింది, కొత్తది కొన్నాం. ఫోను పోయింది. గొడుగు ఏమైందో దేవుడికే తెలియాలి. పోయిన వారం లిఫ్టు కార్డు పోయింది," అన్నాడు కొడుకు.

"కార్డు దొరికిందిగా."

"ఫ్రిజ్‌లో దొరికింది నాన్నా."

"దొరకడం దొరికింది కదా."

"ఇంకొక్క వస్తువు పోయిందంటే మీ వెంట ఒక మనిషిని పెడతాను. మీరెక్కడికి వెళితే అక్కడికి వస్తుంది. ఒంటరిగా కిందికి దిగడం ఇంక ఉండదు."

"నేనేమన్నా సామానా, వెంట మనిషిని పెట్టి పంపడానికి?"

"సామానైతే తాళం వేసేవాణ్ణి."

నవ్వుతూనే అన్నాడు గాని, అన్నంత పనీ చేసేవాడే. మాస్టరుగారు కంచం పక్కకి జరిపేశారు. జీవితమంతా రైళ్ళకి దారిచ్చిన మనిషి, గట్టుమీద కూర్చోడానికి ఇంకొకరి చెయ్యి పట్టుకుని వెళ్ళడమంటే ఆయనకి బతుకు అక్కడితో అయిపోయినట్టే.

గదిలోకి వెళ్ళాక భార్య మెల్లగా అంది. "జాగ్రత్తండీ. కొత్త పళ్ళు వదులుగా ఉన్నాయన్నారు. డాక్టరు బిగించేదాకా బయట నోరు మూసుకుని ఉండండి."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ అదేగా చేస్తున్నాను."

ఆ విధంగా అన్నీ తడిమి చూసుకుని మాస్టరుగారు కాఫీ తాగగానే కిందికి దిగారు. కళ్ళజోడు ఉంది, కార్డు ఉంది, చేతిరుమాలు ఉంది. గట్టుమీద కూర్చున్నారు. మొదటి లిఫ్టు వచ్చింది, రెండోది వచ్చింది. సరిగ్గా అప్పుడే హాల్లో పొద్దుటిపూట చల్లే సెంటు ఆయన ముక్కులోకి పోయింది. ఆయన తుమ్మారు.

చిన్న తుమ్ము కాదు. పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే బయల్దేరి ఫౌంటెన్‌లో దిగాయి.

మాస్టరుగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ళలోకి చూశారు. పైనుంచి పడే నీటికి అంతా నురగ. ఆ నురగ మీద ఎర్రదీపం, పచ్చదీపం, నీలిదీపం. అడుగున ఏముందో దేవుడికి కూడా కనిపించదు. చెయ్యి పెడదామంటే నిలువునా తడుస్తారు. నీళ్ళు ఆగితే తప్ప లాభం లేదు.

రిసెప్షన్ బల్ల దగ్గరికి వెళ్ళారు. పళ్ళు లేని నోరు తెరవడం ఇష్టం లేక రుమాలు తీయలేదు. తుమ్మిన తుమ్ముకి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. బల్ల వెనక ఉన్న అమ్మాయికి ఫౌంటెన్ వైపు చూపించి, అరచెయ్యి పైకెత్తి నిలబెట్టారు. ఎన్నో బళ్ళని ఆపిన చెయ్యి అది.

ఆ అమ్మాయి ముఖంలో రంగు మారింది. లేచి నిలబడింది. ఒక్క మాట అడగకుండా గోడమీద స్విచ్చి నొక్కింది. ఫౌంటెన్ ఆగింది. దాంతోపాటు హాల్లో వినిపించే సన్నని సంగీతం ఆగింది. రంగుదీపాలు ఆరి తెల్లదీపాలు వెలిగాయి. తలుపు దగ్గరున్న వాచ్‌మన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మాస్టరుగారికి ఒక్క క్షణం గర్వం కలిగింది. తను చెయ్యెత్తితే ఆగేవి లోకంలో ఇంకా ఉన్నాయన్నమాట.

ఆయనకి తెలియనిది ఒకటుంది. అంతకుముందు ఒకసారి ఆ భవనంలో ఒక పెద్దాయన పోయినప్పుడు, శవాన్ని హాల్లోంచి తీసుకువెళుతుంటే స్పీకర్లలో హుషారైన డాన్సు పాట వచ్చింది, వెనక ఫౌంటెన్ తాళానికి తగ్గట్టు ఎగిరింది. పెద్ద రభస అయింది. అప్పుడు అసోసియేషన్ అధ్యక్షుడైన జడ్జిగారు నియమం పెట్టారు. భవనంలో ఎవరైనా చనిపోతే ఫౌంటెన్, సంగీతం, రంగుదీపాలు ఆపాలి. ఆ ఇంటికి ఇంటర్‌కమ్ మోగకూడదు. చనిపోయినవారి తాలూకు వాళ్ళని ఎవరూ ప్రశ్నలు అడగకూడదు. ఇంకే కారణానికీ ఫౌంటెన్ ఆగకూడదు. ఈ నియమాలు పుస్తకంగా అచ్చువేసి ఇంటింటికీ పంచారు. మాస్టరుగారు ఆ పుస్తకం పోగొట్టుకున్నారు.

రిసెప్షన్ అమ్మాయి తనలో తను ఆలోచించుకుంది. కొడుకు ఇందాకే నవ్వుతూ ఫోనులో మాట్లాడుకుంటూ కారెక్కి వెళ్ళాడు. కోడలు ఆఫీసు పనిమీద పొరుగూరు వెళ్ళింది. ఇంక ఆ ఇంట్లో మిగిలింది ఒక్కరే. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, నియమం ప్రకారం ఆ ఇంటి ఇంటర్‌కమ్ ఆపేసి, జడ్జిగారికి కబురు చేసింది.

మాస్టరుగారు మళ్ళీ గట్టుమీదికి చేరారు. నీళ్ళు నిలకడగా అయ్యాయి, అడుగు కనిపిస్తోంది. కాని అడుగంతా తెల్లని గులకరాళ్ళు పరిచారు. ప్రతి రాయీ పన్నులాగే ఉంది. రుమాలు నోటికి అదుముకుని, తల వంచి, ఒక్కొక్క రాయినీ చూడసాగారు.

ఆయన భుజంమీద బరువుగా ఒక చెయ్యి పడింది. జడ్జిగారిది.

"ధైర్యంగా ఉండాలి," అన్నారు జడ్జిగారు, తీర్పు చదివినంత నెమ్మదిగా.

పళ్ళ సంగతి ఈయనకెలా తెలిసిందా అని మాస్టరుగారు ఆశ్చర్యపోయారు. తెలిసినా ఎంత మర్యాదగా ఉన్నాడో అనుకుని తల ఊపారు.

"పోయేదాన్ని ఎవరూ ఆపలేరు," అన్నారు జడ్జిగారు మళ్ళీ.

అదీ నిజమే. ఆ తుమ్ముని ఎవరూ ఆపలేకపోయేవారు.

అప్పటికే జడ్జిగారు భవనంవాళ్ళ ఫోను గ్రూపులో వార్త పెట్టేశారు. లిఫ్టులు ఒక్కొక్కటే తెరుచుకోసాగాయి. మూడో లిఫ్టు కూడా టైముకి వచ్చింది. పూల కమిటీ ఆవిడ, హాల్లో పూలకుండీలు చూసుకునే ఆవిడే, తెల్లపూల కుండీలు పట్టించుకుని వచ్చింది. ఎప్పుడూ బనీనుతో కనిపించే కండలాయన ఆ రోజు నిండు చొక్కా వేసుకుని వచ్చాడు. అందరూ ఫౌంటెన్ చుట్టూ నిలబడ్డారు. రెండేళ్ళుగా ఆ గట్టుమీద కూర్చుంటున్నా మాస్టరుగారి వైపు అంతమంది ఎప్పుడూ చూడలేదు. తన పళ్ళ కోసం ఇంతమందా అని ఆయనకి సిగ్గేసింది.

"పాపం, మాట పడిపోయింది చూడండి," అంది పూల కమిటీ ఆవిడ.

"నిద్రలోనేనంట. బాధ తెలియకుండా," అన్నాడు కండలాయన.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో అన్నారు. ఆవిడ నాకు బాగా తెలుసండీ. రోజూ జిమ్ముకి వెళ్ళేటప్పుడు పలకరించేవారు. ఏం బాబూ, ఒళ్ళు జాగ్రత్త అనేవారు."

"నాతో అయితే పూల గురించే. ప్రతి సాయంత్రం ఈ ఫౌంటెన్ దగ్గర కూర్చుని, మీ చేతి చలవ అనేవారు."

మాస్టరుగారికి ఏదో తేడాగా అనిపించింది. ఎవరో పోయారు. తన పళ్ళు కాదు, మనిషెవరో పోయారు. అయ్యో, ఎవరో మహాతల్లి అనుకున్నారు. ఆ హడావిడిలో తను నీళ్ళు ఆపించడం తప్పయిందేమో అనుకున్నారు. ఇంతలో జడ్జిగారు గొంతు సవరించుకున్నారు.

"పైనుంచి రెండో అంతస్తులో నివసించే స్టేషన్ మాస్టరుగారి సతీమణి ఈ ఉదయం మన మధ్య నుంచి వెళ్ళిపోయారు. ఆమెని నేను లిఫ్టులో ఎన్నోసార్లు చూశాను. ఆ నవ్వు మరచిపోలేను."

మాస్టరుగారి చెవులకి ఒక్కసారిగా ఏమీ వినబడలేదు. ఆ క్షణంలో ఆయనకి పైనున్న ఇల్లు కళ్ళముందు కనిపించింది. వంటింట్లో దీపం ఆరిపోయి ఉంది. కుర్చీమీద ఆవిడ కళ్ళజోడు మడిచి ఉంది. కార్డు ఎక్కడ పెట్టారండీ అని అడిగే గొంతు లేదు. అది అబద్ధమని ఆయనకి తెలుసు. ఇప్పుడే ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి వచ్చారు. అయినా కళ్ళవెంట జలజలా నీళ్ళు కారాయి. ఈసారి తుమ్మువల్ల కాదు.

ఆయన లేచి తల అడ్డంగా ఊపారు.

"నమ్మలేకపోతున్నారు పాపం," అంది పూల కమిటీ ఆవిడ.

ఆయన వేలితో పైకి చూపించారు, ఇంట్లో ఉందని.

"అవును. అందరం వెళ్ళాల్సింది అక్కడికే," అన్నారు జడ్జిగారు.

ఇంక గత్యంతరం లేదు. నోరు తెరిస్తే పళ్ళ సంగతి భవనమంతా తెలుస్తుంది. సాయంత్రానికి కొడుకు చెవిన పడుతుంది. రేపటినుంచి వెంట మనిషి. తెరవకపోతే బతికున్న భార్య చచ్చినట్టే. మాస్టరుగారు అట్టే ఆలోచించలేదు. రుమాలు తీసేసి, అందరి ఎదుటా నోరు తెరిచి చెప్పబోయారు. గాలి తప్ప మాట రాలేదు. పళ్ళకి తోడు ఏడుపు కూడా అడ్డుపడింది. లోపలికి పోయిన ఆ బుగ్గల్ని చూసి గుంపంతా నిట్టూర్చింది.

"ఒక్కపూటలో ముఖం ఎలా పీక్కుపోయిందో," అన్నాడు కండలాయన, చొక్కా చేత్తో కళ్ళొత్తుకుంటూ.

జడ్జిగారు ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టి, భుజంమీద చెయ్యి అలాగే ఉంచారు. లేవడానికి వీలులేని చెయ్యి అది.

పైన భార్య ఎదురుచూసి ఎదురుచూసి, కిందికి ఇంటర్‌కమ్ చేసింది. అది మూగపోయి ఉంది. టిఫిను చల్లారిపోతోంది. అంత ఎత్తునుంచి లిఫ్టులో దిగితే చెవులు దిబ్బడ వేస్తాయని ఆవిడ కిందికి దిగడం ఎప్పుడో మానేసింది. దిగి మాత్రం ఎవరితో మాట్లాడాలి. ఇవాళ తప్పదనుకుని, ఇంట్లో కట్టుకున్న నూలుచీరతోనే, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ దిగింది.

లిఫ్టు తెరుచుకునేసరికి హాలు నిండా జనం. అందరూ తలలు వంచుకుని ఉన్నారు.

"ఎవరన్నా పోయారా అమ్మా?" అని పక్కనున్నావిడని అడిగింది. ఆ పక్కనున్నది పూల కమిటీ ఆవిడ.

"మెల్లగా మాట్లాడు. పనివాళ్ళంతా ఆ స్తంభం వెనక నిలబడాలి."

మాస్టరుగారి భార్య స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడింది. ఉండబట్టలేక తల బయటికి పెట్టి పూల కమిటీ ఆవిడనే మళ్ళీ అడిగింది.

"ఎవరమ్మా?"

"పైనుంచి రెండో అంతస్తు స్టేషన్ మాస్టరుగారి భార్య."

ఆవిడ కొంగు భుజంమీద సర్దుకుంది. తర్వాత అడిగింది.

"ఎప్పుడు?"

"తెల్లవారుజామున, నిద్రలో."

"అదృష్టవంతురాలు."

"ఎంత మంచిదో నీకేం తెలుసు. ప్రతి సాయంత్రం ఇక్కడ కూర్చుని మమ్మల్నందరినీ పేరుపేరునా పలకరించేది."

"అట్లాగా. నాకు తెలీదు."

జడ్జిగారు పోయినావిడని లిఫ్టులో ఎన్నోసార్లు చూశానని మళ్ళీ చెప్పి, ఆవిడ సహనం గురించి చెబుతున్నారు. కండలాయన ఆవిడ ప్రేమ గురించి చెప్పాడు. స్తంభం వెనక నిలబడి ఆవిడ అన్నీ శ్రద్ధగా విన్నది. పుట్టినింట్లోగాని మెట్టినింట్లోగాని అన్ని మంచిమాటలు ఒకచోట ఎప్పుడూ వినలేదు. ఇంకాసేపు వినేదే. కాని జనం మధ్య సందులోంచి గట్టుమీద కూర్చున్న భర్త కనిపించాడు. ఏడుస్తున్నాడు. ఆయన బుగ్గలు చూడగానే మిగతా సంగతంతా అర్థమైంది.

ఆవిడ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. మాస్టరుగారు ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. మాట రాలేదు గాని, కళ్ళతో నీళ్ళవైపు చూపించారు. ఆవిడ చూపు ఇంకా చురుకైనది. రాళ్ళమధ్య నవ్వుతున్నది ఏదో కనిపెట్టింది. ఎడమచెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ముంచి, పళ్ళు తీసి, కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది.

"ఏయ్, నీళ్ళలో చెయ్యి పెడతావేంటి? ఎవరింట్లో పనిచేస్తావు నువ్వు?" అంది పూల కమిటీ ఆవిడ.

"ఈయనింట్లోనే," అంది ఆవిడ.

అప్పుడే బయట కారు ఆగిన చప్పుడు, తలుపు కొట్టుకున్న చప్పుడు వినిపించాయి. గ్రూపులో వార్త చూసి కొడుకు ఆఫీసు దారిలోనే వెనక్కి తిరిగాడు. ఇంటికి ఫోను చేస్తే ఎవరూ తీయలేదు. వాచ్‌మన్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడటం, ఆగిన ఫౌంటెన్, తెల్లపూలు చూశాడు. పాలరాతిమీద జారి, లేచి, జనంలోంచి పరుగెత్తుకొచ్చాడు.

ఎదురుగా గట్టుమీద తల్లి కూర్చుని ఉంది.

"ఏరా, ఆఫీసు లేదా?" అంది ఆవిడ.

కొడుకు అక్కడే మోకాళ్ళమీద కూలబడి తల్లి ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఇంత జుట్టు నెరిసినవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒకే ఇంట్లో ఉంటున్నా ఆవిడ ఒళ్ళో అతను తల పెట్టి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. ఆవిడ పొడిగా ఉన్న చేత్తో అతని తల నిమిరింది. హాల్లో ఎవరూ కదల్లేదు. నిజమైన నిశ్శబ్దం ఆ హాల్లో అప్పుడే వచ్చింది.

ముందు తేరుకున్నది జడ్జిగారు.

"ఫౌంటెన్ ఎవరు ఆపించారు? కారణం ఏమిటి?"

రిసెప్షన్ అమ్మాయి మాస్టరుగారి వైపు చూసింది. కొడుకు తల ఎత్తి తండ్రి వైపు చూశాడు. మాస్టరుగారు రుమాలు మళ్ళీ నోటికి పెట్టుకుని నేలచూపులు చూశారు. ఆయన దిగాల్సిన స్టేషను వచ్చేసింది, దిగి వెళ్ళిపోవడమే మిగిలింది.

"నేనే ఆపించానండీ," అంది భార్య. "నిన్న సాయంత్రం ఇక్కడ చెయ్యి తడుపుకుంటుంటే నా ఉంగరం జారిపోయింది. వెతికి తెమ్మని నేనే ఈయన్ని పంపాను. ఇదిగో, దొరికింది." తడిచెయ్యి పైకెత్తి, ఎప్పుడూ వేలికి ఉండే ఉంగరాన్నే చూపించింది.

"మరి ఆయన ఒక్కమాట చెప్పలేదే?"

"ఎవరికీ చెప్పొద్దన్నాను. మా ఆయన నా మాట దాటరు."

జడ్జిగారికి అనుమానం తీరలేదు. "నిన్న సాయంత్రం మీరు ఇక్కడ ఉన్నారా?"

"ప్రతి సాయంత్రం ఉంటాను కదండీ. ఇందాక ఈవిడే చెప్పారు," అంది ఆవిడ, పూల కమిటీ ఆవిడని చూపిస్తూ. "మీరు కూడా నన్ను లిఫ్టులో ఎన్నోసార్లు చూశారటగా."

జడ్జిగారు మళ్ళీ గొంతు సవరించుకున్నారు గాని, ఈసారి దాని వెనక మాటలేమీ రాలేదు. పూల కమిటీ ఆవిడ ఒక కుండీని కొంచెం పక్కకి జరిపి సరిచేసింది. కండలాయనకి జిమ్ము గుర్తొచ్చింది. లిఫ్టులు వచ్చినంత వేగంగానూ జనాన్ని ఎక్కించుకుని పోయాయి. కాసేపటికి గ్రూపులో జడ్జిగారి ప్రకటన వచ్చింది. 'ఉదయం ప్రకటించిన మరణాన్ని ఇందుమూలంగా ఉపసంహరించుకోవడమైనది.' ఫౌంటెన్ ఎగిసింది.

పైకి వెళ్ళేటప్పుడు లిఫ్టులో కొడుకు తల్లి చెయ్యి వదల్లేదు.

"అమ్మా, నాన్నగారి మతిమరుపే అనుకున్నాను. నీకూ మొదలైందన్నమాట. రేపటినుంచి నీ వెంట ఒక మనిషి ఉంటుంది. కాదనకు."

"సరేలేరా," అంది ఆవిడ.

గదిలోకి వెళ్ళాక కొంగు విప్పి, కడిగి, ఆయన చేతికిచ్చింది. మాస్టరుగారు పళ్ళు పెట్టుకుని, రెండుసార్లు అదిమి చూసుకున్నారు.

"నా మూలాన నీకు కాపలా పడింది," అన్నారు చివరికి.

"పడనివ్వండి. నేనెలాగూ ఇల్లు కదలను. మీరు కదలకపోతే బతకరు. ఎందుకలా ఏడ్చారు? నేను పైనే ఉన్నానని తెలుసుగా."

"తెలుసు. అయినా వాళ్ళు అంత గట్టిగా చెబుతుంటే..."

ఆవిడ లేచి, చల్లారిన టిఫిను వేడి చేయడానికి వెళ్ళింది.

మర్నాడు మనిషి వచ్చింది. ఆవిడ ఇంటి పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని చూడటమే ఆ మనిషి పని. అట్లా చూపించుకుంటూ కూర్చోలేక ఆవిడ రోజూ ఉదయం భర్తతో కలిసి కిందికి దిగడం మొదలుపెట్టింది. వెనక మనిషి. ముగ్గురూ గట్టుమీద వరసగా కూర్చుంటారు. లిఫ్టులు వస్తాయి, పోతాయి. జడ్జిగారు ఫోను చూసుకుంటూ వెళతారు. పూల కమిటీ ఆవిడ కుండీలు చూసుకుంటూ వెళుతుంది. కండలాయన చెవుల్లో పాటలు పెట్టుకుని వెళతాడు. ఆవిడ మొదట్లో ప్రతి ఒక్కరికీ నవ్వు ముఖంతో ఎదురుచూసింది. ఒక్కరూ ఆగలేదు. కొన్నాళ్ళకి అదీ మానేసింది.

ఒకరోజు మూడో లిఫ్టు ఆలస్యంగా వచ్చి, ఎవరినో దించి, ఖాళీగా వెళ్ళిపోయింది. ఆవిడ ఎగిసిపడుతున్న ఫౌంటెన్ వైపు చాలాసేపు చూసి, భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఇంకొక్కసారి తుమ్మరాదూ?"